అరవని కూతురు

మా కాన్పుల వార్డు సిస్టరమ్మకు మేం ఆయాలం పెట్టుకున్న పేరు టపాకాయ. ఇప్పుడావిడ ప్రతి గర్భిణినీ "మీరు" అనే పిలుస్తుంది. అందుకే కొత్త నర్సులకు ఆ పేరెందుకొచ్చిందో అర్థం కాదు. నాకు తెలుసు.

పనిలో ఆవిడకు వంక పెట్టలేం. అప్పట్లో నోరే మంచిది కాదు. నొప్పులతో ఎవరైనా అరిస్తే, "ఏయ్, నోర్ముయ్! కడుపు తెచ్చుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు?" అని కడిగేసేది. ఒళ్లు మండి నేనోసారి "వాళ్లూ మనుషులే కదమ్మా" అన్నాను. "గారాబం చేస్తే నెత్తినెక్కుతారే" అని నా నోరూ మూయించింది.

ఇంట్లో అన్నం తింటూ ఆ అరుపులన్నీ అనుకరించి చూపించేదట. ఒక్కగానొక్క కూతురు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదట. తండ్రి లేని పిల్ల, దానికి లోకమంతా అమ్మే.

ఆ కూతురు తొలికాన్పుకు మా వార్డుకే వచ్చింది. నొప్పులు మొదలవగానే పళ్లు బిగించి గోడవైపు తిరిగి పడుకుంది. సిస్టరమ్మ మురిసిపోయింది. పక్క మంచం మీద మూలుగుతున్నావిడతో, "చూసి నేర్చుకో. నా కూతురు కిక్కురుమందా?" అంది. ఆ పిల్లకింకా టైముందిలే అనుకుని అందరం అరిచేవాళ్ల దగ్గరికే పరిగెత్తాం.

దుప్పటి మార్చడానికి వెళ్లింది నేనే. కిందంతా రక్తం. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. నా కేకకు సిస్టరమ్మ పరుగున వచ్చి, పొట్ట మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు కోసం వెతికింది. పక్కకు జరిపి మళ్లీ వెతికింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తల్లిని దక్కించింది. బిడ్డ దక్కలేదు.

సాయంత్రానికి కూతురికి మెలకువ వచ్చింది. ఆ సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు. సిస్టరమ్మ మంచం పక్కన నేల మీద కూలబడి, "అంత నొప్పి ఎలా ఓర్చుకున్నావే తల్లీ? నన్నెందుకు పిలవలేదే?" అని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

కొరుక్కుని కొరుక్కుని ఆ పిల్ల పెదవులు పుళ్లు పడ్డాయి. ఆ పెదవులతోనే నవ్వింది.

"నలుగురిలో నీ పరువు తియ్యలేదు కదమ్మా? ఒక్కసారి కూడా అరవలేదు. ఏదీ, బిడ్డను చూపించు."