ఎడమ సీటు ఖాళీగా ఉన్న రోజు

పోలీసు డ్రైవరుగా బస్తర్ రోడ్ల మీద ముప్పై ఏళ్లు తిరిగి, హెడ్ కానిస్టేబుల్ హోదాలో రిటైరై, కోంటాలో ఇంటిపట్టున కూర్చున్న ఏడాదికి, ఆషాఢం వానల్లో నాకు మళ్లీ పోస్టింగ్ వచ్చింది. ఈసారి ఊరు కంప్యూటర్లో ఉంది.

జగదల్‌పూర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి లావణ్య, స్నేహితులతో కలిసి ఒక రోల్‌ప్లే సర్వర్ నడుపుతుంది. అంటే ఆన్‌లైన్‌లో వందమంది చేరి ఒక ఊరిని నడిపే ఆట. ఒకరు పోలీసు, ఒకరు దొంగ, ఇంకొకరు కూరగాయల బేరం. ఎవరి పాత్రలో వాళ్లు నిజంగానే మెలగాలి. చచ్చిన పాత్ర తిరిగి రాదు. "మా పోలీసోళ్లకు వెంబడించుడంటే గుద్దుడే నాన్నా. జర నువ్వొచ్చి నేర్పు" అంది.

రూల్సన్నీ నేనే రాశాను. ముందు బండి పని పారిపోయే బండి మీద కన్నేసి ఉంచడమే. వైర్‌లెస్‌లో మాట్లాడే పని రెండో బండిది. గుద్దకూడదు. దొంగ సంతలో దూరితే వదిలెయ్యాలి. నంబరు ఉంటే మనిషి రేపైనా దొరుకుతాడు. రూలు తప్పి పోలీసు ఎవరినైనా చంపితే అతని ఉద్యోగం పోతుంది, ఆ చచ్చిన పాత్ర మాత్రం తిరిగొస్తుంది. ఆటగాళ్లు వరసగా సల్యూట్లు కొట్టారు. నేను ఇంట్లో లుంగీలో కూర్చునే మీసం దువ్వుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం దొంగ జీపు ఒకటి తగిలింది. ముందు బండి నాది. ఎదురుగా సంత కనబడింది. నేను ఆపలేదు. కారణం చెబితే నవ్వుతారు. ఉద్యోగంలో నా ఎడమ సీట్లో ఎప్పుడూ ఒక సాబ్ ఉండేవాడు. ఆయన "ఛోడో" అంటేనే వదలాలి. డ్రైవరు సొంతంగా వదిలితే సంజాయిషీ రాసుకోవాలి. ఆటలో ఆ సీటు ఖాళీ, అయినా నా చెవి ఆ మాట కోసమే కాచుక్కూర్చుంది. బండి పోయి టీకొట్టు మీద పడింది, కొట్టు నడిపే పాత్ర చచ్చిపోయింది.

కొట్టు పార్వతిది. కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే శ్రీకాకుళం మనిషి. భర్త డ్యూటీకి వెళ్లాక ఆడుకునేది. "పర్లేదు బాబాయ్, ఆటే కదేటి" అంది మైకులో. తర్వాత, "నాలుగు నెల్లయింది కొట్టు పెట్టి" అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

లావణ్య ఫోన్ చేసింది. "రిపోర్టుల నెట్ పోయిందని రాద్దాం తియ్ నాన్నా. రూల్స్ రాసిన నువ్వే తప్పితే ఇంకెవరు వింటరు?" అలా రాస్తే అది ప్రమాదం కింద పోతుంది. నా ఉద్యోగం ఉంటుంది, పార్వతి పాత్ర చచ్చినట్టే ఉంటుంది.

డ్యూటీలో ఉన్నన్నాళ్లూ రిపోర్టు సాబ్ రాసేవాడు, నేను కింద సంతకం పెట్టేవాణ్ణి. ఈ ఒక్కటీ నేనే రాశాను: "సంత కనబడింది. ఆపలేదు."

పోస్టింగ్ పోయింది, పార్వతి పాత్ర కొట్టుతో సహా తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో ప్యాసింజర్ జీపు నడుపుతున్నాను. కొట్టు ముందు ఆపితే చాలు, "బ్రేకు బాగానే పడతందేటి బాబాయ్" అని పార్వతి ఆటపట్టిస్తుంది.

పోలీసు డ్రైవరు పనిలో కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆపమనే మాట సాబ్‌ది కావచ్చు. బ్రేకు మాత్రం ఆ ముప్పై ఏళ్లూ నా కాలి కిందే ఉంది.