అవ్వ వేసిన తాళం

మొన్న మొయినాబాద్ మీదుగా చేవెళ్ల పోతుంటే, సంగీతం, బొమ్మలు, నృత్యం నేర్చే పిల్లలు కలిసిమెలిసి పనిచేసే కళాశాల ఇదేనంటూ పెద్ద హోర్డింగ్ కనిపించి బస్సులోనే నవ్వేశాను. అది రాసినవాళ్లు ఒక్కరోజైనా అలా పనిచేసి ఉండరు.

మా రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాళ్లూ కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేట బస్సెక్కుతుంటే, నేనొక్కదాన్నే మొయినాబాద్‌లో ఆ కళాశాలలోనే పాటలు రికార్డు చేసి కూర్చే కోర్సులో చేరతానని మొండికేశాను. చేవెళ్లలో కూరగాయలు పండించే మా బాపు ఒకటే షరతు పెట్టాడు: ఏడాది చివర ప్రదర్శన తాను చూడాలి, నచ్చకపోతే మరునాడే అమీర్‌పేట.

ఆ ప్రదర్శనకు మేం చేస్తున్నది పాట పాడే ఒక అవ్వ మీద చిన్న బొమ్మల సినిమా. పాట నాది, బొమ్మలు, పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివొచ్చి అక్కడే గీయడం నేర్చుకుంటున్న నా స్నేహితురాలివి. అవ్వ తాళం వేయగానే పాట మొదలవుతుందని తేట తెలుగులోనే చెప్పాను. వారాల తరబడి కష్టపడి ఆమె గీసుకొచ్చిన అవ్వ మాత్రం తొడ మీద దరువు వేయడం లేదు, తలుపుకు తాళం కప్ప బిగిస్తోంది!

"గిదేందే?" అన్నాను.

"తాళమే కద, నువ్వే చెప్తివి!"

"పాట పాడే ముసల్ది ఇంటికి తాళమేసి ఎటు పోతదే?"

"ఏమో, నీ పాటకు భయపడి పోతుండొచ్చు!"

తప్పు నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను. మళ్లీ గీయడానికి వ్యవధి లేదు. ఆ కోపంలోనే మా పశువుల కొట్టానికి వేసే పాత ఇత్తడి తాళం ఊడబెరుక్కొచ్చి, మైకు ముందు బిగించి, తీసి, ఆ చప్పుళ్లనే ముక్కలుగా పేర్చి పాటకు దరువు కట్టాను. ఆమె నా పక్కనే కూర్చుని, తిడుతూ, తిట్టించుకుంటూ, అవ్వ చేతిని ప్రతి దెబ్బకూ కలిపింది.

ప్రదర్శన నాడు మొదటి దెబ్బకే బాపు ఉలిక్కిపడి, "గిది మన కొట్టం తాళం గాదే? ఆడ బర్రెలకు కావలెవరున్నరు?" అని నలుగురూ వినేలా అన్నాడు గానీ, పాట సాగేకొద్దీ ఆయన కాలు తనంతట తానే ఊగసాగింది. తిరుగు బస్సులో అమీర్‌పేట ఊసే ఎత్తలేదు. ఊరు దగ్గరపడ్డాక, "ఇగ ఏది తీస్కపోయినా చెప్పి తీస్కపో బిడ్డా" అన్నాడు. అంతే, నా చదువు నిలబడింది.

ఇప్పుడు నేను చేసే సినిమాలకు పాట ఒక ఊరి నుంచి, బొమ్మ మరో ఊరి నుంచి వచ్చి ఫోనులోనే కలుసుకుంటున్నాయి. అనుమానమొస్తే మర్యాదగా అడిగి సరిచేసుకుంటున్నారు. పని శుభ్రంగానే ఉంటోంది, కాదనను. కానీ భుజానికి భుజం తగిలేలా కూర్చుని, నా మాట తప్పుగా విని, ఆ తప్పు నాదేనని నా ముఖం మీదే దబాయించే మనిషి ఎక్కడా దొరకడం లేదు. ఇంత నోరు పెట్టుకుని నేనెవరితో కొట్లాడను?