నోటికొచ్చిన కంప్యూటర్

అశోక్‌నగర్‌లో మా లేడీస్ హాస్టల్లో ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా నన్నే అడిగేవారు. అప్పటికి నేను ఒక్క ఉద్యోగమూ కొట్టలేదు, ఆ సంగతి మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మూడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నదాన్ని కాబట్టి ఏ గైడులో తప్పులున్నాయో, దేన్నుంచి బిట్లు ఎక్కువ వస్తాయో నాకు తెలుసు. పుస్తకం చేతికి రాగానే వెనక నుంచి తెరిచేదాన్ని. చివర బిట్లు తక్కువగా ఉంటే అక్కడే పెట్టేసేదాన్ని. ఆ వీధుల్లో దాదాపు అందరం అట్లాగే కొనేవాళ్లం. పాఠం చదివి ప్రశ్నకు పోవడం బడిపిల్లల పద్ధతి, మాకు ప్రశ్నే పాఠం.

నా గదిలో ఒక అక్క ఉండేది. మహబూబ్‌నగర్ వైపు పల్లె ఆమెది, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. 2012లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తోంది. బంద్ అంటే మెస్సు కూడా మూతే. నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాసి ఉన్న ఆ రోజుల్లో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ పోస్టులు పడ్డాయి. ముందు రాతపరీక్ష, అందులో నెగ్గినవాళ్లకు కంప్యూటర్ మీద పరీక్ష. ఆపరేటింగ్ సిస్టమ్, సి లాంగ్వేజ్ రెండూ సిలబస్‌లో ఉన్నాయి. అక్కకు వయోపరిమితి ఆ ఏడాదితో అయిపోతోంది. ఇది తప్పితే ఇక ఏ సర్కారు ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు.

ఆమె కంప్యూటర్‌ను చూసిందంటే హాల్‌టికెట్ తీయించుకునేటప్పుడు నెట్ సెంటర్ వాడి భుజం మీదుగా చూడటమే. ఏ పుస్తకం చదవాలో నువ్వే చూడమని నన్ను నారాయణగూడకు తీసుకుపోయింది.

మేమెప్పుడూ కొనే పుస్తకాల షాపు యజమాని రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పలుచనిది. అట్ట మీద బడి డ్రెస్సుల్లో ఇద్దరు పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని పళ్లికిలిస్తున్నారు. లోపల పేజీకో బొమ్మ, బొమ్మ కింద రెండు మూడు ముక్కలు. వెనక ఒక్క బిట్టూ లేదు. రెండోది ఇటుకంత ఉంది, మూడు వేల బిట్లని అట్ట మీదే వేశారు. పిల్లల బొమ్మ చూసి నేను నవ్వాను. డిగ్రీ చదివిన మనిషి ఇది పట్టుకుని గ్రంథాలయంలో కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారని అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇది నేర్చుకునేటోళ్లది చెల్లె, అది పరీక్ష రాసేటోళ్లది. అక్కకు ఏది గావాలె?" అన్నాడు.

అక్క పలుచని పుస్తకం మీద చెయ్యి వేసి నా ముఖం చూసింది. పరీక్షదే ఇవ్వమని చెప్పింది నేనే.

రెండు నెలలు చదివింది. పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయానికి పోయి, కుర్చీలో చేతిరుమాలు వేసి చోటు ఆపుకుని, గేట్లు మూసేదాకా అక్కడే ఉండేది. హాస్టల్‌కు నడిచి వచ్చే దారంతా నేను బిట్లు అడిగేదాన్ని. కాపీ చేయడానికి ఏ మీటలు, ఫైలు పేరు మార్చడానికి ఏ మీట, ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనులేమిటి, సి లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ ఎక్కడ మొదలవుతుంది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేది. రెండు అంకెలు కూడే ప్రోగ్రామును చుక్క పొల్లుపోకుండా ఒప్పజెప్పేది. నాకే గర్వంగా ఉండేది, పాఠం చెప్పి ఉద్ధరిస్తున్నట్టు.

ఒకరోజు నెట్ సెంటర్ ముందు ఆగింది. "ఒక్కపారి లోపటికి వోయి చూద్దామా చెల్లె? చేతులు అలవాటైతయి," అంది. నేను విసుక్కున్నాను. కంప్యూటర్ మీద పరీక్ష నామ్‌కేవాస్తేనని, రాతపరీక్షలో పోతే అంతా పోయినట్టేనని, అక్కడ వృథా చేసే గంటలో వంద బిట్లు అవుతాయని చెప్పాను. నాకు మాత్రం ఏం తెలుసు, నేనూ ఏనాడూ ఆ పరీక్ష రాసినదాన్ని కాదు. పెద్ద ఆరిందాలా చెప్పాను, ఆమె విన్నది.

రాతపరీక్షలో ఆమె నంబరు వచ్చింది. హాస్టలంతా నన్నే మెచ్చుకుంది, సిగ్గులేకుండా మెప్పు తీసుకున్నాను.

కంప్యూటర్ పరీక్ష విద్యానగర్‌లో ఒక కాలేజీలో పెట్టారు. నేను గేటు బయట నిలబడ్డాను. అక్క అందరికన్నా చివర్న వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని బస్టాపు దాకా నడిచింది. అక్కడ సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాక చెప్పింది. తన ముందున్న తెర నల్లగా ఉందట. కరెంటు రాలేదనుకుని కూర్చుంది. ముట్టుకుంటే ఏదైనా పాడవుతుందేమోనని భయం, అడిగితే నవ్వుతారని సిగ్గు. పక్కనున్న పిల్ల మౌస్ కదిపితే ఆ పిల్ల తెర వెలగడం చూసి, చాలా సేపటికి తానూ కదిపింది.

"ప్రోగ్రాం మొత్తం నోటికొచ్చు చెల్లె. ఎక్కడ రాయాల్నో తెల్వలె," అంది.

ఆ మూడు వేలలో ఆ బిట్టు లేదు. ఉండదు కూడా.

జాబితాలో ఆమె పేరు లేదని తెలిసిన వారానికి పెట్టె సర్దుకుంది. కాచిగూడ స్టేషన్‌లో రైలు కదిలేముందు సంచీలోంచి ఆ ఇటుక పుస్తకం తీసి నాకిచ్చింది. ప్రతి పేజీలో పెన్సిల్ గీతలు. "దాచుకో చెల్లె, మంచి పుస్తకం. రాతపరీక్షల అన్నీ దీంట్లకెల్లే వచ్చినయ్. నా చేతనే కాలే," అంది. తప్పు నాది అని అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. జాగ్రత్తగా పొమ్మన్నాను, పుస్తకం తీసుకున్నాను.

స్టేషన్ నుంచి నేరుగా నారాయణగూడ పోయాను. షాపాయన నన్ను చూసి అక్క గురించి అడిగాడు. ఊరికి పోయిందన్నాను. ఆ పలుచని పుస్తకం ఉందా అంటే తీసిచ్చాడు. నా జీవితంలో మొదటిసారి ఒక పుస్తకాన్ని ముందు నుంచి తెరిచాను. మొదటి పేజీలో ఇట్లా ఉంది: "కంప్యూటర్ ముందు కూర్చున్నాకే ఈ పుస్తకం తెరవండి. తెర నల్లగా ఉంటే భయపడకండి, మౌస్ కొద్దిగా కదపండి."

అక్క ఫోన్ నంబరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పండగలకూ పబ్బాలకూ మాట్లాడుకుంటాం. ఆ రెండు ముక్కలు మాత్రం ఆమెకు చదివి వినిపించలేదు.