తలుపు రెక్కలు కలవని వారం

ఆ వారం నేను విసిగి వేసారిపోయాను. నర్సరావుపేటలో మా వడ్రంగి షెడ్డులో, పాత ఇనుప చానళ్లు వెల్డింగ్ పెట్టించి, మోటార్లు తెప్పించి, ఏడాదిపాటు కిందామీదా పడి నేనే కట్టుకున్న సీఎన్‌సీ మిషన్ అది. కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్క మీద దానంతట అదే కోస్తుందని ఊరంతా గొప్పలు పోయాను.

రొంపిచెర్ల రైతు ఒకాయన తన పొలం గట్టున పెరిగిన టేకు కొట్టించి, సింహద్వారానికి రెండు రెక్కల తలుపు చెయ్యమని పలకలు తెచ్చిచ్చాడు. "ఒక్క పలక పోయినా మళ్లీ ఆ చెట్టు లేదబ్బాయ్, జాగర్త," అన్నాడు.

అందుకని ముందు ప్లైవుడ్ కోసి చూశా. మూల తొంభై డిగ్రీలుందో లేదో చూసే మూలమట్టం పెడితే మూలలు చక్కగా సరిపోతున్నాయి. ఒకే బొమ్మతో కోసిన రెండు రెక్కల్లో ఒకదాన్ని తిరగేసి పక్కపక్కన పెడితే మాత్రం పైన కలుసుకుని కింద నోరు తెరుస్తున్నాయి. బెల్టులు బిగించా, మోటార్ల లెక్కలు మార్చా, కరెంటోళ్లను తిట్టా. నాలుగు రోజులు తిండి సయించలా.

"ఏందిరా, ఇంకా కుదర్లా? ఆపెయ్, నేను చేత్తో చేస్తా," అన్నాడు నాన్న. చేతుల వణుకు వల్ల ఆయన ఉలి పట్టి రెండేళ్లయింది. ఆ టేకును ఆయన చేతికివ్వాలంటే నాకు భయమేసింది.

ఐదో రోజు విసుగెత్తి ఒక ముక్కను బోర్లా తిప్పి రెండో ముక్క మీద పడేశా. అంచులు కలవలేదు. మూలలు సరిగ్గా ఉంటే ఎటు తిప్పినా కలవాలి కదా! మూలమట్టంతో ఒక గీత గీసి, దాన్నే తిరగేసి అక్కడే ఇంకో గీత గీశా. గీతలు రెండూ విడిపోయాయి. వంకర మూలమట్టంలోనే ఉంది. ఆ మూలమట్టం మా తాతది, ప్రతి దసరాకీ పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకునేది. దణ్ణం పెట్టేదాన్ని ఎవరన్నా పరీక్ష చేస్తారా? మిషన్ చట్రం కట్టిందీ దాంతోనే, సరిచూసుకుందీ దాంతోనే.

ఎదురెదురు మూలలకు దారం పట్టి, రెండు కొలతలూ సమానమయ్యేలా చట్రం సరిచేసి, గుండె చిక్కబట్టుకుని టేకు కోశా. రెక్కలు కలిశాయి. నాకు సంతోషపడే ఓపిక కూడా లేదు.

"ఏం చేశావురా?" అని అడిగాడు నాన్న. అబద్ధం నోటికి రాలా. ఆ రెండు గీతలూ చూపించా. బతుకంతా ఆ మూలమట్టంతోనే తలుపులు చేసి, బిగించినవి పట్టేసినప్పుడల్లా గోడ వంకరని తాపీ మేస్త్రీలను తిడుతూ అంచు చిత్రిక పట్టిన మనిషి ఆయన. ఆ గీతల మధ్య సందు మీద వేలు పెట్టి చూశాడు.

"ఎంతమందిని తిట్టాన్రా," అన్నాడు. "సగం మంది పోయారు కూడా."