మొదటి పెంకు

మాది గోదావరి లంక. చుట్టూ ఏరే. ఊళ్ళోకి వెళ్ళాలంటే పడవ ఎక్కాల్సిందే. ఆ ఏరు ఇటు గట్టు కోసి అటు మేట వేస్తుంది. మా తాతల నాటి ఊరు ఇప్పుడు ఏటి నడుమ ఉంది. వెనక్కి జరిగి మా నాన్నవాళ్ళు కట్టుకున్న వీధి కూడా నా నర్సింగు చదువు అయ్యేలోగా పోయింది. ఇప్పుడు ఖతార్‌లో, దోహా ఆసుపత్రిలో నాతో డ్యూటీ చేసేవాళ్ళు మీ ఊరు మ్యాపులో చూపించమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ ఏడాది మ్యాపు చూపించను?

కోత ఇంటి దాకా వస్తే మావాళ్ళు ఇంటిని ఏటికి వదిలెయ్యరు. తలుపులు, వాసాలు, పెంకులు ముందే విప్పి పట్టుకుపోతారు. కానీ మొదటి పెంకు ఇంటిగలవాళ్ళే తియ్యాలి. అది కదిలేదాకా ఇంకెవరూ చెయ్యి వెయ్యరు.

మా లంక అక్క ఒకావిడ ఇక్కడే, ముఐథర్ అనే పేటలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. శుక్రవారం ఆ ఇంటివాళ్ళ ప్రార్థన అయ్యాక అల్ అజీజియా పేటలో నా గదికి భోజనానికి వస్తుంది. ఇక్కడి జీతంతోనే ఊళ్ళో రెండు గదుల పెంకుటిల్లు కట్టుకుంది. మొన్నటి వరదకు కోత ఆవిడ పెరటి కొబ్బరిచెట్లను మింగేసింది. సెలవడిగితే మేడమ్ "మాఫీ", అంటే లేదు పొమ్మని, అరబ్బీలో ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ శుక్రవారం అక్క నా గదిలో ఉండగానే ఊరి నుంచి ఆవిడ తమ్ముడు వీడియో కాల్ చేశాడు. అప్పటికే నిచ్చెన మీదున్నాడు.

"రేత్రికి ఇల్లుండదే అక్కా. నేనెలా తీత్తాను? నీ ఇల్లాయె."

అక్క ఫోన్లో ఏటికేసే చూస్తోంది. ఏరు తగ్గుతుందేమోనని ఇంకా ఆశ. నాకు కోపం ఆగలేదు.

"ఏంటక్కా అలా చూత్తావు? బతిమాలితే నీ మేడమే ఇనలేదు, గోదారి ఇంటదా? చెప్పు!"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ మూల పెంకు తియ్యరా. నా చెయ్యే అనుకో."

తమ్ముడు తీశాడు. కింద కాచుకున్న జనం బిలబిలా పైకెక్కారు. "ద్వారబంధం ఇరగ్గొట్టకండర్రా, టేకుది!" అని అక్క ఇక్కణ్ణుంచి ఒకటే కేకలు.

"సామానెక్కడ దింపమంటావే?" అన్నాడు తమ్ముడు.

"నీ అరుగు మీదెట్టు."

ఫోను పెట్టేసి వెళ్ళడానికి లేచింది. చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడ ఇసుగొచ్చినప్పుడల్లా మా ఇంటికెళ్ళిపోతానే అనేదాన్ని. ఇకేమనాలే?"

చెప్పులు విప్పించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మళ్ళీ అన్నం పెట్టాను.