గాలి చొరని గది

మా అత్తగారింట్లో దొంగల కంటే గాలికే ఎక్కువ భయపడేవాళ్ళు. మైదుకూరు పక్కన నేతవాళ్ళ ఊరు అది. అక్కడి ఎండుగాలి తగిలితే మగ్గం మీది పడుగు పెళుసెక్కి పోగులు పుటుక్కుపుటుక్కున తెగుతాయి. అందుకని మగ్గం గదికి కిటికీ ఉన్నా మూసే ఉంచుతారు, వాకిలికి గోనెపట్టా కడతారు, నేల మీద నీళ్ళు చల్లుతారు. అది పని నేర్పిన తెలివి, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఆ తెలివిని తీసుకుపోయి పచ్చి బాలింత మీద రుద్దినారు చూడండి, దాన్ని మాత్రం నేను క్షమించను.

మా పుట్టిల్లు పత్తికొండ వైపు. మాదీ నేత కులమే కానీ మా నాయన మగ్గం మానేసి సేద్యంలో దిగినాడు. చలికాలం మా అమ్మ కుంపటి రాజేస్తే బొగ్గులు పొగంతా వదిలేదాకా వాకిట్లోనే ఉంచేది. లోపలికి తెచ్చినాక, వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన రంధ్రం, మేము గవాచి అంటాం, దాని మీది మూత తీసేది. వాకిలి కొంచెం తెరిచి పెట్టేది. అందరం పడుకోబోయే ముందు కుంపటి బయటికి పోవాల్సిందే, ఎంత చలైనా సరే. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు. వాళ్ళమ్మ అట్లా చేసేదంట, అంతే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో రెండో ప్రపంచ యుద్ధం నడుస్తాంది. నూలుకు కంట్రోలు పెట్టినారు. మగ్గాలు చాలావరకు ఊరికే పడి ఉండేవి. మా బావకూ, మా ఆయనకూ నూలు కోసం ఊర్లు తిరగడమే పనైపోయింది. ఆ పుష్యమాసంలోనే మా యారాలు, అంటే మా బావ పెండ్లాం, మగబిడ్డను కనింది. ఆమెకు తల్లి లేదు, అందుకని కాన్పు అత్తగారింట్లోనే అయింది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత పుట్టిన మగపిల్లోడు. మా అత్తకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

బాలింతకు గాలి సోకకూడదని అందరూ అంటారు. మా ఇంట్లో గాలి సోకని గది ఏదంటే మగ్గం గదే కదా. మగ్గం ఎట్లాగూ ఖాళీ. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంత మీద పలకలు పరిచి, పక్కనే నులకమంచం వేసినారు. అది చాలలేదు మా అత్తకు. గంజి ఉడికించి, పాతగుడ్డలు పీలికలు చేసి, కిటికీ సందులన్నిటికీ అంటించింది. తలుపు చెక్కల మధ్య సందుల్లో తెగిన పోగులు కుక్కింది. మగ్గానికి నూలు దొరకని రోజుల్లో తలుపు సందులకు నూలు దొరికింది. గవాచి మీద నాపబండ పెట్టించింది. మంచం కింద తుమ్మబొగ్గుల కుంపటి, అదీ పొద్దస్తమానం.

ఆ గది వాసన చెప్పాలంటే రోత. పులిసిన గంజి, విరిగిన పాలు, ఉతకని గుడ్డలు, శొంఠికాయం, వాము పొగ, అన్నీ కలిసి ఒకటే కంపు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు మాత్రం వచ్చి, మూరెడు గోనెపట్టా ఎత్తి తొంగిచూసి, ఎంత వెచ్చగా పెట్టినావమ్మా అని మా అత్తను మెచ్చుకుని పోయేవాళ్ళు. ఒక్కతి కూడా లోపల కూర్చోలేదు. మెచ్చుకోవడం వాళ్ళ వంతు, పీల్చడం ఆ తల్లీబిడ్డల వంతు.

ఆమెకు అన్నం పెట్టే పని నాది. కూర్చుని తినిపిస్తాంటే నాకే తల దిమ్మెక్కేది, బయటికొచ్చి పెరట్లో కాసేపు నిలబడితే తగ్గిపోయేది. ఆమెకు పెరడు యాడిది? తిన్నది తిన్నట్టే కక్కేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"వాకిలి రవ్వంత తియ్యి మే. తల పగిలిపోతాండాది నాకు."

నేను పోయి మా అత్తకు చెప్పినా. కుంపటన్నా బయట పెడదాం, గవాచి మీది బండన్నా తీపిద్దాం, మా అమ్మ ఎట్లా చేసేదో కూడా చెప్పినా. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తలనొప్పి, వాంతులు, ఇవన్నీ గాలి సోకిన గుర్తులేనంట. నేను అన్నం గిన్నె పట్టుకుని ఊరికే లోపలికీ బయటికీ తిరిగి గాలి తెస్తాండానంట. పత్తికొండోళ్ళకు బాలింతరాండ్రను చూసుకునేది ఏం తెలుసని కూడా అనింది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ సాయంత్రమే తలుపు సందుల్లో ఇంకొన్ని పోగులు కుక్కి, కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు పోసింది. రోగానికి కారణమేదో దాన్నే మందుగా పోస్తా ఉంటే రోగం తగ్గుతాదా?

మరుసటి రోజు తెల్లవారి నేను కాయం తీసుకుని పోయినా. పిలిస్తే పలకలేదు. దిండు మీదంతా కక్కుకుని, నోరు తెరుచుకుని పడి ఉంది. గిన్నె ఆడనే పారేసి తలుపు బార్లా తెరిచినా. కిటికీకి అంటించిన గుడ్డలు గోళ్ళతో పీకినా, ఎండిన గంజి గోళ్ళలో గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆమెను రెక్కలు పట్టి వసారాలోకి ఈడ్చినా. మా అత్త పరిగెత్తుకొచ్చి, నాకు ఒక చెయ్యి వెయ్యకుండా తలుపు మూయబోయింది. కోడలు ఎట్లుందో చూడలేదు. తలుపు మూయబోయింది. ఆ రెండు చేతులనూ నేను చచ్చేదాకా అసహ్యించుకుంటాను.

వసారాలో చాలాసేపటికి నా యారాలు కండ్లు తెరిచింది. నీళ్ళు తాగింది. బతికింది.

ఆమెను వసారాలో వేసి, మళ్ళీ లోపలికి పోయి బిడ్డను నేను ఎత్తుకొచ్చేటప్పటికే వాడిలో ఊపిరి లేదు. కానీ బుగ్గలు ఎర్రగా, అప్పుడే తలంటి పోసినంత కళగా ఉండాయి. బొగ్గుల విషగాలి పీల్చినోళ్ళకు ఆ ఎరుపు వస్తాదని నాకు చాలా ఏండ్లకు తెలిసింది. మా అత్త నా చేతుల్లోనించి వాడిని తీసుకుని, నిద్దరపోతాండాడు, చూడండి ఎంత రంగుండాదో అని వచ్చిన ప్రతి ఆడమనిషికీ చూపించింది. వాళ్ళూ తలలూపినారు. వాడు చల్లబడిపోయేదాకా ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నాక కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్నకోడలు తలుపు తీసింది, గాలి కొట్టి బిడ్డ పోయినాడు. వీధి మొత్తం అదే మాట. కుంపటి సంగతి ఒక్కరు ఎత్తలేదు. నేను చెప్పబోతే చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. మా ఆయన కూడా, జరిగిందేదో జరిగింది, ఊరుకోమన్నాడు. ఊరుకున్నాను కానీ ఆ ఇంటి ముద్ద నాకు సహించడం మానేసింది. వీధిలో ఎవరింటి నుంచైనా వాము పొగ వాసన వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

ఒక్క మనిషికి నిజం తెలుసు కదా అని ఓర్చుకున్నాను. ఆ గదిలో పడుకున్నది ఆమె, నా చెయ్యి పట్టుకుని అడిగింది ఆమె. ఆమె లేచి తిరిగితే ఎప్పుడో ఒకప్పుడు నాలుగు మాటలు చెప్తాదని చూసినా. ఆమె నాతో మాట్లాడటమే తగ్గించేసింది. కొడుకు పోయిన దుఃఖం అనుకున్నాను.

ఇంకో ఏడాదికి ఆమె మళ్ళీ నీళ్ళోసుకునింది. నెలలు నిండినాయి. ఒకరోజు నేను వంటింట్లోకి పోయేసరికి, నిండుకడుపుతో పొయ్యి ముందు కూర్చుని పిండి కలిపి గంజి కాస్తాంది. పక్కన పాతగుడ్డలు పీలికలు చేసి పెట్టుకునింది. కుంపటి పెట్టుకోవద్దు అక్కా అన్నాను. నా వైపు తిరగలేదు.

"నువ్వు ఆ పొద్దు తలుపు తియ్యకపోయింటే నా కొడుకు ఉండేవాడు," అనింది. "ఈసారి నా గది తట్టు రావద్దు."