మాహూర్ బస్సులో నీళ్ల చెంబు

నేను చెప్పే కథల్లో సగం కోసేసి మిగతాదే నమ్మాలని మా ఇంట్లో ఒక నియమం. ఇది మాత్రం కోయకుండా చదవండి.

నాందేడ్ నుంచి మాహూర్ వెళ్లే బస్సు కిన్వట్ దాటాక ఆగిపోయింది. ముందు లారీ అడ్డం తిరిగింది. దిగుదామంటే రెండువైపులా పత్తి చేలల్లో జనం. యాభై ఆరేళ్ల నాకు తుమ్మాలన్నా భయమే, అందుకే ప్రయాణం రోజు నీళ్లు ముట్టను. అయినా సరిగ్గా అప్పుడే ఒంటేలు ముంచుకొచ్చింది.

పక్కసీట్లో ధర్మాబాద్ పెద్దావిడ చెంబెడు నీళ్లు తాగుతోంది. ఎనభై ఏళ్లుంటాయి, బస్సంతా ఆమెను మరాఠీలో అమ్మమ్మను పిలిచినట్టు ఆజీ అంటోంది. లేవబోయిన నన్ను కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"యాడికి ఉరుకుతవ్ బిడ్డా? ఉరికితే ఇంక తొందరైతది. కదలకుంట కూసోని కింద కండలు బిగబట్టు, ఇడువు. గట్ల పదిమాట్లు."

"పొద్దున్నుంచి నీళ్లే ముట్టలేదు, అయినా ఇదే గోల. మెల్లగా ఆజీ, అందరూ వింటున్నారు."

"విననీ. ఆళ్లకు లేదా ఏంది?"

ముందుసీట్లో ముగ్గురు ఆడవాళ్లు గంభీరంగా కిటికీవైపు తిరిగారు. పెదవులు మాత్రం లెక్కపెడుతున్నాయి.

పదోసారికి ఆ తొందర నిజంగానే వెనక్కి తగ్గింది. నా ఒళ్లు నా మాట విని ఎన్నేళ్లయిందో. ఇదెక్కడ నేర్చుకున్నావని ఆజీని అడిగాను.

"తొలి కాన్పుకు మంత్రసాని చెప్పింది. సిగ్గుకు ఇడిసిపెట్టిన. అరవై దాటినంక రోజు చేస్తున్న."

లారీ తొలగి మాహూర్ చేరాక మరుగుదొడ్డికి పరుగెత్తకుండా నడిచే వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆజీ చెంబు నింపుకుని నిలబడి ఉంది.

"నీళ్లు బంద్ జేస్తే ఒంటేలుకు పోయినప్పుడు మంట మొదలైతది. తాగు."

తిరుగు ప్రయాణం ఇంకా మిగిలే ఉంది. అయినా చెంబు ఖాళీ చేశాను.